పొయ్యిలో పిల్లి

అనగనగా ఒక ఊళ్ళో... పెద్ద ఊరేం కాదులే చిన్నీ, ఉప్పు మళ్ళ పక్కన నలభై గడపలు, అంతే. ఆ ఊళ్ళో ఒకే ఏడాదిలో ముగ్గురు చంటిపిల్లలు పోయారు. ఒకరి తర్వాత ఒకరు. తల్లులు ఒంటరిగా అవస్థపడ్డారు, పక్కింటికి కూడా తెలీలేదు.

అప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు అయిదుగురు ఒక మాట అనుకున్నారు. చంటిబిడ్డ ఉన్న ఇంటికి వారానికోసారి ఎవరో ఒకరు వెళ్ళాలి. బిడ్డని ఎత్తుకోవాలి, ఆ తల్లిని కాసేపు నడుం వాల్చనివ్వాలి. జీతం లేదు, బత్తెం లేదు. వాళ్ళని పలకరింపు అక్కలు అనేవారు. వాళ్ళకో కట్టుబాటు ఉండేది. ఎవరింట్లోనూ కుండ మూత తీసి చూడకూడదు. లేనివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని. మంచి ఉద్దేశమే, కాదనను.

ఆ అక్కల్లో ఒకావిణ్ణి నవ్వులక్క అనేవారు. అసలు పేరు వేరే ఉందిలే. ఊరికే నవ్వేది, అందర్నీ నవ్వించేది. తనకి తెలియనిది లేదనుకునేది, తింగరిది.

ఊరి చివర పాకలో పైడమ్మ అని ఒక పిల్ల ఉండేది. ఇరవై కూడా నిండలేదు. తల్లి లేదు, అత్త లేదు. మొగుడు బోర్లు వేసే లారీ మీద ఎటో పోయి మూణ్ణెల్లయింది, కబురు లేదు. ఒళ్ళో నెలన్నర ఆడపిల్ల. డబ్బాలో బియ్యం నిండుకున్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అభిమానం గల పిల్ల.

మొదటి వారం నవ్వులక్క వెళ్ళింది. "ఏం పైడమ్మా, తిన్నావా?" అంది. "తిన్నానక్కా, పప్పుచారు" అంది పైడమ్మ. అప్పుడు నవ్వులక్క బిడ్డకి నూనె రాసి, నీళ్ళు పోసి, జోలపాడి వచ్చేసింది.

ఆ తర్వాతి వారం మళ్ళీ వెళ్ళింది. "తిన్నావా?" "తిన్నానక్కా, వంకాయ పులుసు." పొయ్యి వైపు చూస్తే, బూడిదలో పిల్లి ముడుచుకుని పడుకుంది. పొయ్యిలో పిల్లి లేవలేదంటే ఏమిటర్థం? ఆ ఇంట పొయ్యి వెలగలేదని. ఊళ్ళో అందరికీ తెలిసిన మాటే అది. నవ్వులక్కకీ తెలుసు. తెలిసీ ఏం చేసింది? నవ్వింది! "మీ పిల్లికి పొయ్యే పట్టెమంచమా!" అంది. పైడమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

ఆ తర్వాత, "ఈ పిల్ల అసలు ఏడవదే, ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకుని మరీ వచ్చింది. ఏడవడానికి ఆ పిల్లకి ఓపికేదీ?

మూడో వారం వెళ్ళింది. "తిన్నావా?" "తిన్నానక్కా, చేపల పులుసు." బిడ్డని అందిస్తుంటే పైడమ్మ చెయ్యి నవ్వులక్క మొహం దగ్గరికి వచ్చింది. చేపల పులుసు తిన్న చెయ్యి ఎంత కడిగినా పూటంతా వాసనేస్తుంది. ఆ చేతికి ఏ వాసనా లేదు. బిడ్డ చూస్తే గుడ్డపీలికంత బరువుంది. అప్పుడు నవ్వులక్క కట్టుబాటుని గట్టున పెట్టి కుండ మూత తీసింది. కుండలో సాలెగూడు.

అప్పుడు బిడ్డని గుండెకి కరుచుకుని రోడ్డెక్కింది. ఉప్పు బస్తాలతో పోతున్న ట్రాక్టరు ఆపింది. పైడమ్మ నడవలేక కూలబడితే రెక్కపట్టి ఎక్కించింది. ఆస్పత్రి మలుపు దగ్గరే బిడ్డ కాళ్ళు చల్లబడ్డాయి. డాక్టరమ్మ చూసింది, గుడ్డ కప్పింది. పైడమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆ తర్వాత నవ్వులక్క వల్లమాలిన ఏడుపు ఏడుస్తూ, "తిన్నానని ఎందుకన్నావే తల్లీ?" అని అడిగింది.

"అడగ్గానే తినలేదని ఎవరంటారక్కా? రెండోసారి అడుగుతావేమోనని చూశాను. మూడు వారాలూ చూశాను" అంది పైడమ్మ.

నిజమే కదూ. పెళ్ళిభోజనాల్లో చాలంటే ఆగుతామా? చెయ్యి అడ్డం పెట్టినా వడ్డిస్తాం. ఇంటికొచ్చిన చుట్టాన్ని కాస్త మజ్జిగ తాగమని మూడుసార్లు బతిమాలే మనిషి, ఆ పిల్లని వెళ్ళినప్పుడల్లా ఒక్కసారే అడిగి ఊరుకుంది. ఆ తప్పుకి నేను ఆవిణ్ణి క్షమించలేదు, క్షమించను కూడా.

ఆనాటినుంచి పలకరింపు అక్కలు గడప దాటగానే కుండ మూత తీసి చూస్తారు. తిట్టినా తీస్తారు. చేతిలో అన్నం గిన్నె లేకుండా ఏ ఇంటికీ వెళ్ళరు.

ఏమిటే? నవ్వులక్క ఇప్పుడెక్కడుందా? నీ పక్కనే పడుకుంది. ఇప్పటికీ చంటిపిల్లలున్న ఇళ్ళకి వెళ్తూనే ఉంది. ఊరికే నవ్వడం మాత్రం మానేసింది.

రోజూ నీ చెయ్యి ఎందుకు వాసన చూస్తానని అడిగావుగా, అందుకు. తిన్నావా? నిజంగా తిన్నావా? ఏదీ, చెయ్యి ఇలా తే. ఆఁ, నెయ్యి వాసన. ఇక పడుకో.

కథ పోయింది కంచికి,
కునుకొచ్చింది కంటికి,
రేపు అన్నం పట్టుకుపోదాం
పొయ్యి వెలగని ఇంటికి.