పాలు తాకిన గ్లాసు

ఊరందరిచేతా నోళ్ళు తెరిపించే డాక్టరు భానోజీరావుగారు, ప్రశ్న అడిగితే మాత్రం తన నోరు తెరవరు. అది తెలిసి కూడా ఆయన శిష్యురాలు హైమ ఆ రోజు ఉండబట్టలేక అడిగింది.

"కంటికి మచ్చ కనబడదు, అప్పయ్యమ్మకి నొప్పి లేదు. వెలుగు చెప్పిందని పరీక్షకి అంగిట్లో ముక్క తీస్తామంటే ఎలా ఒప్పుకుంటుంది సార్?"

అది భీమిలి దగ్గరి జాలరిపేటలో వైద్య శిబిరం. అక్కడి పెద్దవయసు ఆడవాళ్ళు చుట్టను నిప్పు నోటి లోపలికి పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. చేపలమ్మే అప్పయ్యమ్మకు పెళ్ళినాటి నుంచీ అదే అలవాటు. హైమ సన్నటి గొట్టంతో ఆమె అంగిలి మీదికి వెలుగు పంపి, అది చెదిరి తిరిగొచ్చే తీరు చూసింది. ఆరోగ్యంగా ఉన్న కణాల నుంచి ఒకలా వస్తుంది. కణం లోపల ఉండే కేంద్రకం ఉబ్బడం మొదలైతే, అంటే క్యాన్సరు తొలిదశలో, మరోలా వస్తుంది. ఒకచోట మరోలా వచ్చింది. గొట్టం తుడిచి మళ్ళీ చూసినా అంతే.

అప్పయ్యమ్మ అప్పటికే చేపల తట్ట ఎత్తుకుంది. "నొప్పి నేదు, మంట నేదు. ఉత్తినే నోరు కోయించుకోమంటారేటి? ఎల్లొత్తాను బాబూ."

హైమ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇప్పుడు పంపిస్తే ఈమె మళ్ళీ వచ్చేది పుండు పడ్డాకే. తిడితే తిట్టనీ, కదలకూడదనుకుంది.

డాక్టరుగారు రెండు గాజుగ్లాసుల్లో నీళ్ళు పోశారు. అటు తిరిగి, టీ కోసం ఉంచిన పాలలో వేలికొన ముంచి ఒక గ్లాసులో కలిపారు. రెండూ తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"ఏవి తాగుతావమ్మా?"

"ఏవైతేనేటి? రెండూ మంచినీళ్ళే గదా."

ఆయన తలుపులు మూసి, ఎర్ర లేజరు దీపం వెలిగించి గ్లాసుల పక్కనుంచి పట్టారు. మొదటిదాంట్లో కిరణం జాడే లేదు. రెండోదాంట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి ఎర్రదారం కట్టినట్టు వెలిగింది.

"ఈట్లో ఏటో కలిసినాది బాబూ! నాను తాగను," అంది అప్పయ్యమ్మ. అని, గ్లాసు పక్కకి నెట్టింది. తర్వాత హైమకేసి తిరిగింది. "నా నోట్లోనూ ఇలాగే అవుపడినాదేటి తల్లీ?"

"ఇలాగే అమ్మా."

ఆమె తట్ట దించింది.

ముక్కలో చెడు కణాలే తేలాయి. అయితే అవింకా పైపొర దాటలేదు. ఆ మేర తీసేస్తే సరిపోయింది. ఆ కబురు పట్టుకుని హైమ పట్టరాని సంతోషంతో గురువుగారి గదికి పరుగెత్తింది. ఆయన అప్పుడే పాలు తాగి గ్లాసు దించుతున్నారు.

"పుండు పడేదాకా ఆగి ఉంటే ఏమయ్యేది సార్?"

ఆయన లేచి, గ్లాసు కుళాయి కింద పెట్టి తిప్పారు. పాల చారలు నీళ్ళకే పోయాయి.

"ఎండకముందైతే నీళ్ళు చాలమ్మా," అన్నారు.