దూడ వాటా

తాయారమ్మగారికి ఒక అలవాటు ఉండేది. అడిగిన ప్రశ్నకు అడిగిన రోజునే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెట్టేవారు. చీపురో, చేదో, చిక్కుపడిన దారపుండో. కొందరు పని ముగించి, ఇక జవాబు అక్కర్లేదని వెళ్ళిపోయేవారు. కొందరు మధ్యలోనే విసుక్కుని లేచిపోయేవారు. ఆవిడ అందరికీ మజ్జిగ ఇచ్చే పంపేవారు.

ఆవిడ ఆశ్రమం, కందేరు సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎగువన ఉంది. అదే ఏటి మీద ఇంకా పైన ఒక ఆనకట్ట. ఆ ఆనకట్ట ఇంజనీరు వకుళ తాయారమ్మగారి శిష్యురాలు. నడివయసు మనిషి, ఒక కూతురి తల్లి. కాలువకెంత, ఏటికెంత అని లెక్క కట్టవలసింది ఆమే.

ఆ ఏడు తొలకరికి ముందు వకుళ సెలవు పెట్టి ఆశ్రమానికి వచ్చింది. వచ్చి కూర్చోలేదు. కాళ్ళు కడుక్కుంటూనే అడిగింది.

“అమ్మా, ఏటికి ఎంత నీరు వదిలితే సరిపోతుంది?”

నిరుడు ఆమె అందరితో పోట్లాడి ఏటికి ఒక వాటా రాయించింది. అంతకుముందు మిగిలితే ఏటికి, మిగలకపోతే లేదు. ఆమె రాయించిన వాటా చిన్నదేమీ కాదు. ఆనకట్ట తూము తలుపుకు ఒక గీత పెట్టించి, వానలు పడినా ఎండలు కాసినా రోజూ ఆ గీత దాకా ఎత్తి ఉంచమంది. మిగతా వరదంతా కాలువలకూ చెరువులకూ మళ్ళించింది. ఏటి వాటాలో చుక్క తగ్గలేదు. అయినా చేప ఎగువకు ఎక్కలేదు. ఏరు సముద్రంలో కలిసే మొగను ఇసక మూసేసింది. రేవు బావుల్లో నీళ్ళు ఉప్పుకు తిరిగాయి.

అరుగు మీద చేపలమ్మే నూకాలు కూర్చుని ఉంది. పక్కన గంప బోర్లించి ఉంది.

“నీలొచ్చాయమ్మా, రానేదన్ను. పంపు కింద బిందెట్టినట్టు రోజూ సన్నంగా వొచ్చాయి. ఏరే రానేదు,” అంది. “మావోడు గుజరాతీ బోటు మీద కూలికి ఎల్లిపోతానంటన్నాడు. ఆపమంటావా, అంపమంటావా? నువ్వే సెప్పు.”

వకుళ ఆశ్రమానికి వచ్చే దారిలో ఉండగానే కాలువ రైతుల పెద్ద సన్యాసినాయుడు ఫోన్ చేశాడు. “సూశావా తల్లీ! నీ మాటిని ఏటికొదిలేం. దానికీ నేకపోయె, మాకూ నేకపోయె. సముద్రం పాలయ్యే నీటికి వాటా ఏటి? ఈ ఏడు ఆ తూము మూసీయ్.” వచ్చే వారం సమావేశం. అక్కడ ఆమె జవాబు చెప్పలేకపోతే తూము మూతపడుతుంది. సమావేశం దాకా మాత్రం గేట్ల మీద మాట ఆమెదే.

“ఏటి వాటాలో చుక్క తగ్గించలేదమ్మా, అయినా ఇలా అయింది,” అంది వకుళ. తాయారమ్మగారు అంతా విన్నారు. గుడ్డతో కట్టు కట్టిన కుడి మణికట్టు చూపించారు.

“జారిపడ్డానే. ఇది కుదుటపడేదాకా గేదెను నువ్వు పితుకు. మబ్బు అని పిలువు, పలుకుతుంది. ముందు దూడను విడు, తరవాత చెంబు పట్టు. దాని వాటా దానికి ఉంచు.”

“ఎంత ఉంచనమ్మా?”

“పితకవే. తెలుస్తుంది.”

చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో పితికిన చేతులే. భయం లేదు. కానీ ఆ సాయంత్రం దూడను విప్పేసరికి వకుళకు చిరాకేసింది. అది వచ్చి మీద పడింది. తలతో పొదుగును కుమ్మింది. ఒక చన్ను పట్టి, వదిలి, ఇంకొకటి పట్టింది. మూతి నిండా నురగ, కింద నేలంతా పాలు. పలుపు పట్టి లాగితే నాలుగు కాళ్ళూ బిగించింది. ఎంత తాగిందో, ఎంత పారబోసిందో ఎవరు చెప్పగలరు? ఆశ్రమంలో పాల మీదే బతుకుతున్న ముసలివాళ్ళున్నారు. వాళ్ళకు చాలకపోతే?

మర్నాడు ఆమె దూడను గడ్డివాము వెనక కట్టేసింది. గేదె ముందు తవుడు పెట్టింది. పాలన్నీ పితికి, అందులోంచి తవ్వెడు కొలిచి, గిన్నెలో పోసి దూడకు పట్టింది. అది తాగగలిగినదానికంటే ఎక్కువే అని ఆమె అంచనా. పొద్దున తవ్వెడు, సాయంత్రం తవ్వెడు. ముసలివాళ్ళకు చాలింది, దూడకు చాలింది, నేల మీద చుక్క పడలేదు. వకుళకు ఆ పూట మనసు కొంచెం నిలబడింది.

ఎక్కువసేపు నిలబడలేదు.

గేదె తవుడు తింటోంది గానీ పాలు తగ్గాయి. మరుసటి పూట ఇంకా తగ్గాయి. పితుకుతుంటే కాలు మార్చేది, గడ్డివాము కేసి చూసి అరిచేది. వకుళ ముసలివాళ్ళ పాలలో నీళ్ళు కలిపింది. దూడ తవ్వ మాత్రం తగ్గించలేదు. అయినా దూడ డొక్కలు లోపలికి పోయాయి. తోక కింద పారుడు. గిన్నె తెస్తే మూతి తిప్పుకుని, మట్టిగోడ నాకడం మొదలుపెట్టింది. వకుళకు అన్నం సయించలేదు. పాకలోకి వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. కూతురికి ఫోన్ చేసి, తిన్నావా అని అడిగి పెట్టేసింది.

చివరికి ఒక పొద్దున దూడ లేవలేదు.

గేదె పొదుగు బిగిసి ఉంది. వకుళ ఎంత పితికినా చెంబు అడుగు తడవలేదు. ఆమె చెంబు అక్కడే వదిలి తాయారమ్మగారి దగ్గరికి పరిగెత్తింది.

“అమ్మా, దూడ పోయేట్టుంది! దాని వాటాలో నేను చుక్క తగ్గించలేదు. అయినా ఎందుకిలా అవుతోంది?”

తాయారమ్మగారు ఒత్తి చేస్తున్నారు. తల ఎత్తలేదు.

“ఈ మాట నువ్వు వచ్చిన రోజు కూడా అన్నావే.”

వకుళ గుమ్మంలోనే ఆగిపోయింది. పాకలో గేదె అరిచింది. గడ్డివాము వెనక నుంచి దూడ, ఉందా లేదా అన్నట్టు, ఒక్కసారి పలికింది. పక్కగదిలో పిల్ల ఏడిస్తే ఇక్కడ తన రవికె తడిసిన రోజులు వకుళకూ ఉన్నాయి. ఎలా మరిచిపోయింది?

వెళ్ళి దూడను రెండు చేతులా ఎత్తుకుంది. పొట్ట కింద చెయ్యి వేసి తల్లి దగ్గర నిలబెట్టింది. గేదె దాన్ని వాసన చూసి నాకింది. దూడ చన్ను పట్టింది. పాలు రాలేదు. తలతో కుమ్మాలి, కుమ్మే ఓపిక దానికి లేదు. వకుళ దాని మెడ కింద చెయ్యి పెట్టి తనే పొదుగు మీదికి నెట్టింది. మళ్ళీ నెట్టింది. “కుమ్మవే తల్లీ, కుమ్ము,” అంటోంది. ఆమె చీరంతా పేడ. ఎంతసేపటికో దూడే ఒక్కసారి తల విదిల్చి కుమ్మింది. గేదె ఒళ్ళు జలదరించింది, చేపి పాలు దించింది. దూడ తోక ఆడింది. మూతి చుట్టూ తెల్లగా నురగ కట్టింది.

ఎప్పుడొచ్చారో, తాయారమ్మగారు వెనక నిలబడి ఉన్నారు. “ఇప్పుడు చెంబు తే,” అన్నారు.

వకుళ దూడను పక్కకు జరిపి పితికింది. చెంబు నిండి నురగ అంచు దాటింది. ఆవిడ చెప్పకుండానే ఒక చన్ను ముట్టకుండా వదిలేసి, దూడను మళ్ళీ విడిచింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఆనకట్ట గేట్లు చూసే లస్కరు అప్పన్న.

“అమ్మగోరూ, కొండల్లో వోన పడ్డాది. కొత్తనీరు ఎర్రగా దిగిపోతంది. నాయుడుగోరు ఇక్కడే ఉన్నారు, అంతా కాలవకి తిప్పీమంటన్నారు. మామూలుగా తూము గీత కాడికెత్తీనా?”

వకుళ దూడ కేసి చూసింది.

“గీత వద్దు అప్పన్నా. రేవుల్లో మనుషులందరినీ గట్టెక్కమని కబురు పంపు. ఎక్కారని తెలిశాక ఏటి గేట్లు ఎత్తడం మొదలుపెట్టు, అన్నీ. ముందు ఏటికి పోనీ, మొగలో ఇసకను కుమ్మనీ. కాలువ తరవాత.”

వెనక నుంచి నాయుడి గొంతు వినిపించింది. “తొలినీరంతా సముద్రానికేనా తల్లీ? నారు పోసిన మా ఆకుమళ్ళు ఏటైపోవాలి?”

“ఆకుమళ్ళు ఎండనివ్వను బాబూ. ఎండితే నా ఇంటిమీదికి రండి.”

“రానా మరి? బండి కట్టుకొనొస్తాను!”

అప్పన్న మళ్ళీ ఫోన్‌లోకి వచ్చాడు. “గేట్లు ఎత్తి ఎంతసేపుంచమంటారమ్మా?”

వకుళ “ఎంతసేపమ్మా?” అంటూ ఫోన్ చెవికి అలాగే పెట్టుకుని తాయారమ్మగారి కేసి తిరిగింది.

ఆవిడ వంగి, పైటకొంగుతో దూడ మూతి నురగ తుడుస్తున్నారు. తుడిచినకొద్దీ మళ్ళీ కడుతోంది.

“చెంబు పక్కన పెట్టుకుని, ఏటి మూతి కేసి చూస్తూ కూర్చోమనవే,” అన్నారు.