చుక్క కారని రాగిజావ

ఆచార్య వేదాద్రిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే ఆ విభాగంలో పరిశోధక విద్యార్థులందరికీ అన్నీ అర్థమైపోతూ ఉండేవి. ఒక్క సన్యాసిరావుకి మాత్రం మూడేళ్లయినా ఆ తెలివి అబ్బలేదు. ఈ మాట ఎవరో అన్నది కాదు, ఈ కథ చెప్పినప్పుడల్లా అతనే ముందుగా ఒప్పుకునేది.

అతని పని పాలిమర్ నానో రేణువులతో. వెంట్రుక మందంలో వెయ్యోవంతు ఉండే గుళికలో కేన్సర్ మందు పెట్టి, దారిలో మంచి కణాల జోలికి పోకుండా నేరుగా కణితి దగ్గరికి చేర్చాలి. మొదట్లో మందంతా దారిలోనే కారిపోయేది. సన్యాసిరావు పంతం పట్టి పొర మీద పొర వేసి, ఆఖరికి చుక్క కూడా కారని గుళిక తయారుచేశాడు. ఆ గ్రాఫు అందరికీ చూపించాడు, క్యాంటీన్లో దోసెలు వేసే ఆయనకి కూడా. చిక్కల్లా ఒక్కటే. గుళికలు బుద్ధిగా కణితి దాకా వెళ్తున్నాయి, ఎలుకల్లో కణితి మాత్రం ఆవగింజంత కూడా తగ్గడం లేదు.

"మందు మంచిదే, చేరుతున్న మాటా నిజమే. మరి పనెందుకు చెయ్యడం లేదు మాస్టారూ?" అని అడిగాడు.

వేదాద్రిగారు కళ్లజోడు తుడుచుకున్నారు. తన అక్క చిట్టెమ్మగారు కేన్సర్ ఆసుపత్రిలో ఉన్నారనీ, నాలుగు రోజులుగా నోట ఏమీ పెట్టని మనిషి ఆ పొద్దున రాగిజావ అడిగారనీ చెప్పారు. పదకొండున్నరకి మళ్లీ మందు ఎక్కిస్తారు. ఆ తర్వాత ఆవిడకి జావ వాసన కూడా పడదు. ఇంట్లో జావ కాచి ఉంది, క్యారేజీ కట్టే పని సన్యాసిరావుది, ఇద్దరూ బస్సులో వెళ్లాలి.

సన్యాసిరావు కట్టాడు. పొగలు కక్కే జావని స్టీలు డబ్బాలో పోసి, రబ్బరు వాషరున్న మూత బలమంతా పెట్టి బిగించి, దానిమీద లాబ్‌లో సీసాలకి చుట్టే మైనపు పొర నాలుగు చుట్లు, ఆపైన టేపు వేశాడు. ఊళ్లో గుంతలన్నీ దాటినా చుక్క కారలేదు. బస్సు దిగగానే డబ్బాని తలకిందులు చేసి గురువుగారికి చూపించాడు కూడా. ఆయన బాగుందన్నట్టు తలూపారు.

పదకొండు దాటాక వార్డు చేరేసరికి చిట్టెమ్మగారు దిండుకి ఆనుకుని, చెంచా చేత పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. టేపు ఊడింది. మైనపు పొర ఊడింది. మూత ఊడలేదు. వేడిగా మూసిన జావ దారిలో చల్లారి మూతని లోపలికి పీల్చేసుకుంది. సన్యాసిరావు మోకాళ్ల మధ్య ఇరికించి తిప్పాడు. పక్క మంచం వాళ్ల అల్లుడు లారీ డ్రైవరట, ఆయనా తిప్పి తన అరచేతులు చూసుకున్నాడు. నర్సమ్మ కత్తెర మొన విరిగింది. గోడ గడియారం ఒక్కటే ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతోంది.

చిట్టెమ్మగారు చాలాసేపు ఓపిక పట్టి అన్నారు.

"నాయనా, దారిలో చుక్క కారలేదన్నావు, సంతోషం. నా గొంతులోనైనా కారనిస్తావా, లేదా?"

ఆ తర్వాత ఆవిడే, ఒళ్లు తుడవడానికి ఆయా తెచ్చిపెట్టిన వేడినీళ్ల బేసిన్ వైపు చెంచా చూపించారు. డబ్బా అందులో రెండు నిమిషాలు కూర్చుంది. వేడి తగిలాక, ఇంతమంది చేతులకి లొంగని మూత రెండువేళ్లతో తీస్తే వచ్చేసింది. అప్పటికి పదకొండూ ఇరవై రెండు. ఆవిడ ఆరు చెంచాలు తాగారు. ఏడోది వద్దన్నారు.

బయటికొచ్చాక చెమట తుడుచుకుంటూ, బస్సు కుదుపులకి ఆ మాత్రం కట్టకపోతే ఎలా అని సమర్థించుకోబోయాడు.

వేదాద్రిగారు మిగిలిన జావ మీద మూత వదులుగా పెడుతూ, "నిజమే. ఇంతకీ క్యారేజీ ఎవరికోసం కట్టావయ్యా, బస్సు కోసమా?" అన్నారు.