పళ్ళు లేనివారి తోట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగు ఒడ్డున అందరిదీ అయిన ఒక పళ్ళతోట. ఆ తోటలో, పిల్లలూ, అందరి మీదా కోపంగా ఉండే ఒక కుర్ర ముళ్ళపంది.

వాళ్ళమ్మ వాడికి పెట్టిన పేరు బుజ్జులు. ఆ పేరుతో లోకాన్ని మార్చడం కష్టమని వాడే ఇంకో పేరు పెట్టుకున్నాడు. కంటకం! అయినా అందరూ బుజ్జులనే పిలిచేవారు. అదొక కోపం.

అడవి అంచున పాడుబడిన బంగళా ఒకటి ఉండేది. అందులో బోలెడు పుస్తకాలు. బుజ్జులు వాటన్నిటినీ చదివాడు. చదివిన పేజీని చదివినట్టే నమిలి మింగాడు. అందుకే వాడు నోరు తెరిస్తే మాటలకన్నా ముందు "నశించాలి! నశించాలి!" అంటూ నినాదాలు వచ్చేవి. అవి ఎవరివో మాత్రం వాడికి తెలియదు. పేర్లున్న అట్టలు ముందే తినేశాడు మరి.

ఆ ఏడు తోటలోని అంజూర పొదలకు తుప్పు తెగులు పట్టింది. ఆకుల అడుగున ఎర్రటి పొడి కమ్మింది. కాయలు పండకుండానే రాలిపోయాయి. జంతువులన్నీ కలిసి పొదల్ని వేళ్ళతో సహా పెరికి, దూరంగా గొయ్యి తీసి పూడ్చేశాయి. తోట బోడిగుండులా మిగిలింది.

"ఇప్పుడిక్కడ ఏం నాటాలి?" అని ఒకరినొకరు అడిగారు.

"నేను చూసుకుంటాను!" అన్నాడు బుజ్జులు. ఆవేశంలో వాడి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. అడవంతా ఒక అడుగు వెనక్కి వేసింది. దాన్నే వాడు ఏకగ్రీవం అనుకున్నాడు.

ముందుగా ఎలుగవ్వ దగ్గరికి వెళ్ళాడు. ఎలుగవ్వ ముసలి ఎలుగుబంటి. చెట్లెక్కే ఓపిక ఎప్పుడో పోయింది. ఇన్నాళ్ళూ ఆ అంజూర పళ్ళే దాని ప్రాణం నిలబెట్టాయి. ఇక నిలబెట్టాల్సింది కొత్త తోటే.

"అవ్వా, నీకేం కావాలో చెప్పు! నీ గొంతే నా గొంతు!"

అవ్వకు సిగ్గెక్కువ. ఎప్పుడూ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడేది.

"ఏం చెప్పనురా నాయనా! నాకు పళ్ళు లేవు. అది చూసుకుని నాటు," అంది.

బుజ్జులు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తోట పోయింది. అవ్వకు పళ్ళు లేవు! ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? అవ్వ ఇంకేదో చెప్పబోతోంది. వాడు అప్పటికే పరుగెత్తాడు.

దారిలో వాడి నేస్తం కుందేలు పొన్ని ఎదురైంది.

"ఒరే బుజ్జులూ, మల్బరీ నాటరా. కొమ్మ గుచ్చితే చాలు, ఏడాది తిరిగేసరికి కాస్తుంది. పళ్ళు మెత్తగా ఉంటాయి."

"మెత్తగా ఉండడమే దాని నేరం!" అన్నాడు వాడు. "అంజూర మెత్తగా ఉండబట్టే తెగులుకు లొంగిపోయింది. నేను గంగరేగు నాటుతాను. గట్టి కాయ, గట్టి గింజ, ఒంటినిండా ముళ్ళు! పోరాడే పొదంటే అదే!"

"అచ్చం నీలాగే ఉందని ముచ్చటపడుతున్నావు. అంతేగా?"

"నువ్వు మితవాదివి," అన్నాడు బుజ్జులు. పొన్నికి ఆ మాట అర్థం కాలేదు. నిజానికి వాడికీ కాలేదు. ఆ పేజీ మధ్యలోనే ఆకలేసింది.

మర్నాడు సభ పెట్టారు. ఎలుగవ్వ మెల్లగా లేచి, మూతి కప్పుకుని, "పళ్ళు లేనివాళ్ళం, మా సంగతి..." అని మొదలుపెట్టింది.

"విన్నారా!" అని అందుకున్నాడు బుజ్జులు. "పళ్ళు లేనివారంతా ఒక్కటి కావాలి!"

చప్పట్లు మోగాయి. అవ్వ కూర్చుండిపోయింది.

నాటే రోజు ఊరేగింపు తీశారు. గంగరేగు మొక్కలు భుజాన మోస్తూ బుజ్జులు ముందు నడిచాడు. "పళ్ళున్నవాడు పళ్ళు లేనివాడి గోడు వినడు!" అని వాడు అరిస్తే, వెనకాల ఉడుతలన్నీ "వినడు! వినడు!" అన్నాయి. అవ్వ వాడి పక్కనే కుంటుతూ నడిచి, "నాయనా, నాకు పళ్ళు లేవురా," అంది మూడోసారి.

"తెలుసవ్వా! అందుకేగా ఈ పోరాటం!" అన్నాడు వాడు.

ఒక చలికాలం గడిచింది. రెండో చలికాలానికి గంగరేగు విరగకాసింది. ఈలోగా అవ్వ పుట్టల్లో చెదలు పీల్చుకుంటూ ఎలాగో ఈడ్చుకొచ్చింది. చర్మం ఎముకలకు అంటుకుపోయింది.

బుజ్జులు మొదటి కాయల కుప్ప తెచ్చి అవ్వ ముందు పోశాడు. అడవంతా చుట్టూ చేరింది. అవ్వ ఒక కాయ నోట్లో వేసుకుంది. ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పింది. ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు తిప్పింది. కాసేపటికి కాయను కాయలాగే తీసి పక్కన పెట్టింది.

"బాగుంది నాయనా. నున్నగా ఉంది."

"తినవేం అవ్వా? ఎవరైనా అడ్డుపడుతున్నారా? పేరు చెప్పు!"

అవ్వ మూతి మీద చెయ్యి తీసేసింది. మొదటిసారి అందరి ముందూ నోరు తెరిచింది. లోపల ఎర్రటి చిగుళ్ళు. అంతే.

"మూడుసార్లు చెప్పాను కదరా, పళ్ళు లేవని."

వెనకాల ఉడుతలు ఇంకా ఉషారుగా అరుస్తూనే ఉన్నాయి. "పళ్ళున్నవాడు పళ్ళు లేనివాడి గోడు వినడు! వినడు!"

బుజ్జులు నాలుకతో తన ముందుపళ్ళు తడిమి చూసుకున్నాడు. పొడుగ్గా, పదునుగా, బంగళాలో సగం నమిలేసిన పళ్ళు. ముళ్ళు వాటంతటవే వాలిపోయాయి.

"ఇప్పుడెవరు నశించాలిరా?" అంది పొన్ని.

"నేనే," అన్నాడు బుజ్జులు. "అవ్వకు ఏం కావాలో ఏ పుస్తకంలోనూ లేదే. అవ్వ నోట్లోనే ఉంది. ఆ నోరే నేను తెరవనివ్వలేదు. పైగా ఆ ఉడుతలు అరుస్తున్న నినాదం చూశావూ? నేను సొంతంగా కట్టింది అదొక్కటే. అదీ నామీదే!" అని తల పట్టుకున్నాడు. పట్టుకుంటే ముళ్ళు గుచ్చుకున్నాయి. "అబ్బా! నాతో నాకే ఇంత బాధగా ఉంటే మీరంతా ఎలా భరించారు?"

ఆ మాటకు అందరికన్నా ముందు నవ్వింది ఎలుగవ్వే. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది.

ఆ సాయంత్రమే వాడు తోటలో సగం ఖాళీ చేసి మల్బరీ కొమ్మలు గుచ్చాడు. ఊరేగింపు లేదు. కానీ మల్బరీ కాసేదాకా అవ్వ ఏం తినాలి? బుజ్జులు రోజూ కాయల కుప్ప ముందు కూర్చుని, ఒక్కో గంగరేగునూ కొరికి, గింజ తీసి, బండ మీద మెత్తగా నూరి ఆకులో పెట్టి ఇచ్చేవాడు. నూరేటప్పుడు నినాదం నాలుక చివరిదాకా వచ్చేది. కాని నోటినిండా గింజలుండేవి.

అవ్వ ఒళ్ళు మళ్ళీ నిండింది. ఒకరోజు వాగు అవతలి నుంచి వచ్చిన ముసలి నక్క ఆశ్చర్యపోయి, "ఏమే ఎలుగమ్మా, నీకు పళ్ళు లేవన్నారే?" అంది.

"ఇప్పుడున్నాయే," అంది అవ్వ. "అదుగో, ఒంటినిండా ముళ్ళతో బండ దగ్గర కూర్చుని నూరుతున్నాయి, చూడు."

నీతి: ఒకరి కోసం గొంతు చించుకునే ముందు, వాళ్ళను నోరు తెరవనిచ్చి చివరిదాకా వినాలి.