దళపతి నేర్చిన పడవ పాఠం

దళపతి వీరమల్లుడు సైన్యంలో కొత్తగా చేరిన పల్లె కుర్రాళ్లను కొరడాతో చావబాదేవాడు. ఇదేమిటని అడిగితే "శిక్షణ" అనేవాడు.

పడవ నడిపే నూకాలు, సైన్యంలో చేరిన తన తమ్ముడి వీపు మీది వాతలు చూసి నిర్ఘాంతపోయింది. నేరుగా కొలువుకెళ్లి, "మహారాజా! దళపతిగారికి పడవ నడపడం నేర్పుతాను. ఆయన పద్ధతిలోనే శిక్షణ ఇస్తాను" అంది. రాజు నవ్వి సరేనన్నాడు.

మర్నాడు రాజుతో సహా పరివారమంతా ఏటి ఒడ్డున చేరింది. నూకాలు దళపతిని పడవెక్కించి, చేతికి తెడ్డు ఇచ్చింది. అతని కొరడానే అందుకొని, ఒక్క మాటైనా చెప్పకుండా వీపు మీద ఛెళ్లున కొట్టింది.

ఒడ్డున భటులు కత్తులు దూశారు.

"తెడ్డు ఎలా వెయ్యాలో చెప్పకుండా కొడతావేమే!" అని దళపతి కేక పెట్టాడు.

నూకాలు కొరడా దించి, రాజుకు దణ్ణం పెట్టింది.

"మా తమ్ముడూ ఇదే అడిగాడు మహారాజా. అందుకు వాడికి ఇంకో దెబ్బ పడింది."

రాజు ముఖం పాలిపోయింది. ఆయన దళపతి వైపు తిరిగాడు.

"దళపతీ, ఆ కొరడా ఏట్లో పారెయ్యి. ముందు చేసి చూపించు. రాకపోతే మళ్లీ చూపించు. నా రాజ్యంలో ఇకపై శిక్షణంటే అదే."