ఆర్పని కర్పూరం

పూర్వం ఒక ఊళ్లో పెద్దరికానికి ఎన్నిక వచ్చింది. కుండలో గులకరాయి వేయడమే ఓటు. ఎవరు ఎవరికి వేశారో తెలియదు కనుక, పోటీకి దిగిన కామందు భూపతయ్య కర్రల మనుషులతో ఇంటింటికీ తిరిగి, చేతిలో వెండి నాణెం పెట్టి, వెలిగే కర్పూరం ఆర్పించి ఒట్టు వేయించుకుంటున్నాడు. కాదన్నవాళ్ల గడ్డివాము సాయంత్రానికల్లా తగలబడేది. ఒట్టు తప్పితే అమ్మవారు వంశాన్నే మాడ్చేస్తుందని జనానికి అంతకన్నా భయం.

భూపతయ్య కర్పూరం పళ్లెంతో, బట్టలుతికే నూకాలు ఇంటి గుమ్మంలోకి వచ్చాడు. ఇరుగుపొరుగు తలుపుల సందుల్లోంచి చూస్తున్నారు.

"ఆర్పవే!" అన్నాడు భూపతయ్య.

నూకాలు చేతులు జోడించింది. "ఆర్పుతాను దొరా. ముందు తమరు ఆర్పండి. 'గెలిచాక ఈ వెండి మళ్లీ మీ దగ్గర పన్నుల్లో గుంజను' అనండి చాలు. ఆ వెనకే నేనూ ఒట్టేస్తాను."

భూపతయ్య చెయ్యి చాచాడు. ఇంట్లో పసి మనవడు గుర్తొచ్చాడు. చెయ్యి మంట మీదే ఆగిపోయింది. కర్రల వాళ్లు కూడా ఆయన నోటివంకే చూస్తున్నారు. కర్పూరం కరిగి కరిగి, తనంతట తానే ఆరిపోయింది.

"గాలికి ఆరింది," అని గొణిగి గబగబా వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఊళ్లో ఆకు కూడా కదల్లేదని, తలుపుల సందుల్లోంచి చూసినవాళ్లందరికీ తెలుసు.