పోలికలు మింగిన కోడలు, ముదిరిన పాకం

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. చదివింది అయిదో తరగతి. పిల్లలకి నోటితో చెప్పినట్టే రాస్తున్నాను, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజు. ఎవరో ఆయన మీసాన్ని తడిసిన ఉడత తోకతో పోల్చారట. ఇకమీదట ఎవరూ దేన్నీ దేనితోనూ పోల్చకూడదు, పోలిస్తే గుండు కొట్టించి ఊరు దాటిస్తానని చాటింపు వేయించాడు.

ఆ ఊళ్ళో సింగారమ్మ అని ఒక కోడలు పిల్ల. పోలిక లేనిదే దానికి మాట రాదు. అత్త గురక పెడితే తిరగలి విసిరినట్టుందనేది. మొగుడు నడిచొస్తే నిచ్చెనకి కాళ్ళొచ్చినట్టుందనేది. చాటింపు విన్నది మొదలు, మూడు నెలలుగా నోట్లో కొంగు కుక్కుకుని తిరుగుతోంది పాపం. ఊ కొడుతున్నారా?

అత్త వీరమ్మ రాజుగారింట్లో వంటమనిషి. రాకుమారి పెళ్ళికి అరిసెలు వండాలి, ఆవిడకేమో జ్వరం. "నువ్వెళ్ళవే తల్లీ. చెయ్యి ఆడించు, నోరు ఆడించకు" అని కోడల్ని పంపింది.

నాలుగు పొయ్యిల మీద నాలుగు గంగాళాలు, బెల్లం పాకం కుతకుతా ఉడుకుతోంది. తిప్పేవాళ్ళంతా కొత్తవాళ్ళు. ఎప్పుడు దించాలమ్మాయ్ అని ఒకతె, ఎంత రావాలమ్మాయ్ అని ఇంకొకతె. నీళ్ళలో వేస్తే చెవి తమ్మెలా మెత్తగా ఉండకట్టాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది. గుమ్మంలో భటుడు నిలబడ్డాడు. మింగేసింది. చెప్పకపోతే పాకం పోతుంది, చెబితే జుట్టు పోతుంది. ఈ పొయ్యి నుంచి ఆ పొయ్యికి, ఆ పొయ్యి నుంచి ఈ పొయ్యికి తనే పరుగెత్తింది. నాలుగూ ముదిరిపోయాయి. చేసేది లేక ఆ పాకంతోనే అరిసెలు వండేశారు.

రుచి చూడ్డానికి రాజే వచ్చాడు. ఒక అరిసె కొరికి దవడ పట్టుకున్నాడు.

"ఏమిటే ఇది, గుర్రపు డెక్కలా ఉంది?"

గరిటెలన్నీ ఆగిపోయాయి. భటుడు నేల చూపులు చూశాడు. సింగారమ్మ గరిటె కింద పెట్టింది. దణ్ణం పెట్టి అంది, "ఎంత గట్టిగా ఉందో అందరికీ తెలిసింది మారాజా. ఎంత మెత్తగా కావాలో కూడా తమరే సెలవియ్యండి."

రాజు నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. పోలిక లేకుండా ఏ మాటా దొరకలేదు. సిగ్గుపడి, నువ్వే చెప్పవే అన్నాడు. ఆ సాయంత్రమే చాటింపు రద్దు, కొత్త పాకం, మెత్తటి అరిసెలు. పెళ్ళివారంతా లొట్టలేశారు. పని చేసేవాళ్ళ నోరు కట్టకూడదర్రా, అంతే.

మర్నాడు పొద్దున్నే సింగారమ్మ అత్తకి జావ కాచిచ్చి, మంచం పక్కన చతికిలబడి, మూడు నెలలుగా మింగిన పోలికలన్నీ ఒక్కొక్కటే చెప్పింది. జ్వరంలోనే వీరమ్మ పకపకా నవ్వింది.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.